ఎల్మ్: కొండకు కన్నం, పలకరాయి, ఉమ్మడి పచ్చిక

గత సంచికలో స్విట్జర్లాండులోని గ్లారుస్ ప్రాంతపు కొండ ఊరు ఎల్మ్ చిత్రం వేసి, ఆ ఊరి భూగోళం, జనం, చరిత్ర గురించి ఏమైనా అడగమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో ఒకే విషయం మీద ఉన్నవాటిని కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఎల్మ్‌ను మీరు మునిసిపాలిటీ అన్నారు. స్విస్ మునిసిపాలిటీల జాబితా మొత్తం వెతికాను, ఆ పేరు లేదు. పొరపాటు మీదా, నాదా?

జవాబు: ఇద్దరిదీ కాదు. మీరు చూసింది 2011 తర్వాతి జాబితా. 2010 డిసెంబరు 31 వరకు ఎల్మ్ సొంత పాలన ఉన్న గమైండె. జర్మన్ మాట్లాడే స్విస్ ప్రాంతాల్లో మునిసిపాలిటీని గమైండె అంటారు. పేరు విని పట్టణం అనుకోకండి. కొన్ని వందల మంది ఉన్న పల్లె అయినా అది గమైండే. బడి, తాగునీరు, ఊరి రోడ్లు, అడవి దాని బాధ్యత. ఆదాయపు పన్నులో తన వాటా రేటును అదే నిర్ణయించుకుంటుంది. దేశంలో ఇలాంటివి 2,100కి పైగా ఉన్నాయి.

2011 జనవరి 1న గ్లారుస్ కాంటన్‌లోని (కాంటన్ అంటే స్విస్ రాష్ట్రం) 25 గమైండెలు మూడుగా కలిసిపోయాయి: గ్లారుస్ నోర్డ్, గ్లారుస్, గ్లారుస్ జ్యూడ్. ఎల్మ్, దాని పొరుగు ఊళ్లు మట్, ఎంగి, లోయ ముఖద్వారంలోని ష్వాండెన్ సహా 13 గమైండెలు కలిసి గ్లారుస్ జ్యూడ్ అయ్యాయి. దాని విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు. ఆ రోజుకు దేశంలో అంత పెద్ద గమైండె మరొకటి లేదు. జనం మాత్రం పదివేల లోపే. కాబట్టి పాత పుస్తకాల్లో ఎల్మ్ గమైండె, కొత్త పటంలో గ్లారుస్ జ్యూడ్‌లో ఒక ఊరు. రెండూ సరైనవే.

ఇక ఊరు ఎక్కడుందంటారా, లింత్ నది లోయలో దక్షిణంగా వెళితే ష్వాండెన్ వస్తుంది. అక్కడ ఎడమచేతి వైపు నుంచి సెర్న్‌ఫ్ అనే ఏరు వచ్చి లింత్‌లో కలుస్తుంది. ఆ ఏటి వెంట పైకి పోతే ముందు ఎంగి, తర్వాత మట్, చివరికి ఎల్మ్. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తు. ఊరి దగ్గర రోడ్డు ఆగిపోతుంది, చుట్టూ కొండలే: హౌస్‌స్టాక్ 3,158 మీటర్లు, పిట్స్ సెగ్నాస్ 3,099, పిట్స్ సర్దోనా 3,056. పాత గమైండె విస్తీర్ణం సుమారు 90 చదరపు కిలోమీటర్లయితే, మనిషి ఇల్లు కట్టుకోగలిగింది ఏటి పక్కనున్న సన్నని చదును మాత్రమే. మిగతాదంతా పచ్చిక, అడవి, రాయి.

ప్రశ్న: ఇన్ని ఊళ్లను కలిపేస్తే జనం ఊరుకున్నారా? పైనుంచి వచ్చిన ఆదేశమా?

జవాబు: పైనుంచి రాలేదు, జనమే చేతులెత్తి నిర్ణయించారు. గ్లారుస్‌లో ఏటా మే నెల మొదటి ఆదివారం ఓటర్లందరూ గ్లారుస్ పట్టణంలోని ఒక మైదానంలో చేరతారు. ఆ సభ పేరు లాండ్స్‌గమైండె. ఇప్పటికీ కాంటన్ స్థాయిలో ఇలాంటి సభ నడుస్తున్నది రెండు చోట్లే: గ్లారుస్, అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్. గ్లారుస్‌లో ఓటు వయసు 16. దాన్ని కూడా 2007లో ఆ సభే తగ్గించుకుంది.

ఓటరు కార్డులు రంగు కాగితాలు. అవునన్నవాళ్లు ఒకసారి, కాదన్నవాళ్లు ఇంకోసారి పైకెత్తుతారు. వాటిని లెక్కపెట్టరు. సభకు అధ్యక్షత వహించే లాండమన్ వేదిక మీది నుంచి చూసి ఏ వైపు ఎక్కువో చెబుతాడు. తేల్చలేకపోతే మళ్లీ ఎత్తమంటాడు, పక్కనున్న ప్రభుత్వ సభ్యులను కూడా సంప్రదిస్తాడు. ఓటు కన్నా ముఖ్యమైన హక్కు ఇంకొకటుంది: ఏ ఓటరైనా మైదానంలో నిలబడి, చర్చకు వచ్చిన ప్రతిపాదనను మార్చమని అక్కడికక్కడే అడగవచ్చు.

2006 మే 7న జరిగింది సరిగ్గా అదే. గమైండెలను పదికి తగ్గించమని ప్రభుత్వం ప్రతిపాదించింది. సభలో ఒక పౌరుడు లేచి పది కాదు, మూడే చాలన్నాడు. సభ ఆయన మాటకే మొగ్గింది. ప్రభుత్వం కూడా ఊహించని ఫలితం అది. ఇంత పెద్ద మార్పును మళ్లీ ఆలోచించుకోవాలన్న వాదన బలపడి, 2007 నవంబరు 25న ప్రత్యేక సభ పెట్టారు. అప్పుడూ మూడే గెలిచాయి. చిన్న గమైండెల్లో పదవులకు మనుషులు దొరక్కపోవడం, ఖర్చులు పెరగడం ఈ మార్పుకు అసలు కారణాలు. లోయ చివరి ఊరికి కార్యాలయం దూరమవుతుందన్న బాధ మాత్రం న్యాయమైనదే, అది ఇంకా తీరలేదు.

ప్రశ్న: ఎల్మ్ చర్చి మీద ఏడాదికి రెండుసార్లు కొండలోని కన్నం గుండా సూర్యకాంతి పడుతుందట. కచ్చితంగా ఏ రోజుల్లో? రెండుసార్లే ఎందుకు?

జవాబు: ఊరికి ఆగ్నేయంగా చింగెల్‌హోర్నర్ అనే రంపపు పళ్లలాంటి శిఖరాలున్నాయి. వాటిలో సుమారు 2,600 మీటర్ల ఎత్తులో ఇటునుంచి అటుదాకా ఒక కన్నం ఉంది. ఎత్తూ వెడల్పూ దాదాపు 20 మీటర్లు. పేరు మార్టిన్స్‌లోఖ్, అంటే మార్టిన్ కన్నం. గొర్రెలు దొంగిలించబోయిన రాక్షసుడి మీదికి మార్టిన్ పుణ్యపురుషుడు తన ఇనుప మొన కర్ర విసిరితే కొండకు తగిలి కన్నం పడిందని ఊరి కథ.

కాంతి పడే రోజులు మార్చి 12, 13. మళ్లీ సెప్టెంబరు 30, అక్టోబరు 1. లీపు సంవత్సరం వల్ల ఒక రోజు అటూ ఇటూ జరగవచ్చు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజును విషువత్తు అంటారు. భూమధ్యరేఖ నుంచి సూర్యుడు ఎంత ఉత్తరానికో దక్షిణానికో జరిగాడన్న కొలత క్రాంతి. వసంత విషువత్తుకు ఎనిమిది రోజుల ముందు, శరద్విషువత్తుకు ఎనిమిది రోజుల తర్వాత సూర్యుడి క్రాంతి ఒకటే, దక్షిణానికి సుమారు 3 డిగ్రీలు. చర్చి నుంచి చూస్తే కన్నం సుమారు 20 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. సూర్యుడు ఆ దిక్కులో, ఆ ఎత్తుకు చేరేది క్రాంతి సరిగ్గా అంత ఉన్నప్పుడే. అది ఏడాదిలో రెండుసార్లు, దిగేటప్పుడొకసారి, ఎక్కేటప్పుడొకసారి వస్తుంది.

వరసగా రెండు రోజులే ఎందుకన్నది చాలామందికి తట్టని ప్రశ్న. విషువత్తు దగ్గర క్రాంతి రోజుకు 0.4 డిగ్రీల చొప్పున మారుతుంది. కన్నం నుంచి చర్చికి నాలుగున్నర కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ దూరంలో 0.4 డిగ్రీలంటే ముప్పై మీటర్లకు పైనే. వెలుగు మచ్చ వెడల్పు యాభై మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి రెండు రోజులు చర్చిని తాకి, మూడో రోజుకు తప్పిపోతుంది.

గడియారం విషయంలో పొరపడేవాళ్లు ఎక్కువ. మార్చిలో కాంతి ఉదయం తొమ్మిదికి కొన్ని నిమిషాల ముందు వస్తుంది. శరత్తులో తొమ్మిదిన్నర దాటాక, అంటే సుమారు 40 నిమిషాలు ఆలస్యంగా. సూర్యుడు అదే చోట ఉన్నా ఈ తేడా రావడానికి కారణాలు రెండు. శరత్తులో వేసవి కాలమానం అమల్లో ఉంటుంది కాబట్టి గడియారం గంట ముందుంటుంది. అయితే సూర్యుడి లెక్కకూ గడియారం లెక్కకూ ఉండే సహజమైన తేడా ఈ రెండు రోజుల మధ్య 20 నిమిషాల దాకా ఉంటుంది. గంటలోంచి అది పోగా 40 మిగులుతుంది. కాంతి నిలిచేది రెండు నిమిషాల చిల్లర. పది నిమిషాల ముందే చేరాలి. సూర్యుడు ఆ తర్వాత కాసేపటికి శిఖరం పైనుంచి మళ్లీ ఉదయిస్తాడు.

నేల మీద పడే మచ్చకు కన్నం ఆకారం ఉండదు. అంత దూరం నుంచి కన్నం సూర్యబింబంలో సగం కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అందుకని అది సూదిరంధ్రపు కెమెరాలా పనిచేసి సూర్యుడి గుండ్రని బింబాన్నే వేస్తుంది. కన్నంలోంచి పూర్తి సూర్యుణ్ణి ఎవరూ చూడలేరు, ముక్కే కనిపిస్తుంది. ఆ ముక్కనైనా నేరుగా చూడకండి, గ్రహణపు అద్దాలు వాడండి. మబ్బు పడితే మాత్రం చేయగలిగింది లేదు.

ప్రశ్న: ఆ శిఖరాల ఫోటోలో అడ్డంగా గీత గీసినట్టు ఉంది. రంగు మార్చారా?

జవాబు: లేదు, అది నిజమైన గీత. దాని పైన ముదురు రాయి వెర్రుకానో, వయసు 25 నుంచి 30 కోట్ల సంవత్సరాలు. కింద ఉన్నది ఫ్లిష్, అంటే సముద్రపు అడుగున బురద, ఇసుక పేరుకుని గట్టిపడిన పలచని పొరలు. వాటి వయసు మూడున్నర నుంచి ఐదు కోట్లు మాత్రమే. ముసలి రాయి పడుచు రాయి నెత్తిన కూర్చుంది! ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన ఒత్తిడికి పాత పొర కొత్త పొర మీదికి ఎక్కి ఉత్తరంగా 35 కిలోమీటర్లకు పైగా జారింది. ఆ జారిన తలమే మీరు చూసిన గీత.

పందొమ్మిదో శతాబ్దంలో దీని మీద పెద్ద వివాదమే నడిచింది. స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఆర్నోల్డ్ ఎషర్ రెండు మడతలు ఎదురెదురుగా ముడుచుకున్నాయని వివరించారు. ఆయన శిష్యుడు ఆల్బర్ట్ హైమ్ దాన్నే నమ్మారు. ఫ్రాన్సు శాస్త్రవేత్త మార్సెల్ బెర్‌ట్రాన్ 1884లో ఒకే పొర జారిందన్నారు. హైమ్ ఇరవై ఏళ్లకు దగ్గరగా వాదించి, చివరికి తన మాట వెనక్కి తీసుకున్నారు. 2008లో యునెస్కో ఈ సర్దోనా ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. గీతను చేత్తో ముట్టుకోవాలనుంటే శిఖరం ఎక్కక్కర్లేదు. ష్వాండెన్ దగ్గర లోఖ్‌సైటె అనే చోట అదే తలం నడకదారి పక్కకు దిగి వస్తుంది.

ప్రశ్న: 1881లో ఎల్మ్‌లో కొండ విరిగిపడింది. అది ప్రకృతి వైపరీత్యమా, మనుషుల తప్పా?

జవాబు: మనుషులు కొండ మొదలు తొలిచారు, వాన మిగతా పని చేసింది. కాస్త వివరంగా చెప్పాలి.

పై జవాబులో చెప్పిన ఫ్లిష్‌లో ఒక రకం పలకలుగా చీలుతుంది. బడిపిల్లల పలకలకు అది మంచి రాయి. 1874 రాజ్యాంగం స్విట్జర్లాండులో ప్రాథమిక చదువును తప్పనిసరి చేసింది. మిగతా యూరప్‌లో కూడా బళ్లు పెరిగాయి, పలకలకు గిరాకీ పెరిగింది. ఎల్మ్‌లో 1868లో చింగెల్ వాలు అడుగున తవ్వకం మొదలైంది. తవ్వినవాళ్లలో చాలామంది పశువులు మేపుకునే రైతులు, గని పని తెలిసినవాళ్లు కారు.

మంచి పలకరాయి పొర కొండ లోపలికి వాలి ఉంటుంది. దాన్ని వెంబడించి పోతే పైనున్న రాతికి ఆధారం పోతుంది. మధ్యలో స్తంభాలు వదిలి తవ్వాల్సింది. వదల్లేదు, ఎందుకంటే స్తంభంగా వదిలిన రాయి అమ్ముడుపోని రాయి. పదమూడేళ్లలో కొండ అడుగున 180 మీటర్ల పొడవు, 60 మీటర్లకు మించిన లోతుతో గొడ్డలివేటు లాంటి గంటు పడింది. 1876 నాటికే పైన, అడవిలో, నేల మీద పగులు కనిపించింది. అది ఏటేటా వెడల్పయింది, వాననీళ్లు అందులోకి దిగాయి. 1881 ఆగస్టు చివర బాగా వానలు పడ్డాయి. రాళ్లు రాలడం ఎక్కువై గనిలో పని ఆపేశారు. అధికారులు వచ్చి చూశారు, కానీ ఊరు ఖాళీ చేయాల్సినంత ప్రమాదం ముంచుకొస్తుందని ఎవరూ అనుకోలేదు.

సెప్టెంబరు 11, ఆదివారం, సాయంత్రం ఐదు దాటాక తూర్పు వైపు ముక్క పడింది. ఇళ్లలోని మనుషులు బయటికి వచ్చారు, కొందరు పక్కవాళ్లకు సాయపడటానికి కొండ వైపే వెళ్లారు. సుమారు 17 నిమిషాలకు పడమటి ముక్క పడింది. మరో నాలుగు నిమిషాలకు, రెంటికీ మధ్య ఆధారం లేకుండా మిగిలిన పెద్ద భాగం మొత్తం కూలింది. దాదాపు కోటి ఘనపు మీటర్ల రాయి. గని అరుగు మీద పడి, ఎగిరి ముందుకు దూకి, నీళ్లలా పారింది. ఎదురుగా ఉన్న ద్యూనిబెర్గ్ గుట్ట ఎత్తులో ఉంది కదా అని అటు పరుగెత్తినవారు చాలామంది. రాతి వరద ఆ గుట్టను సుమారు వంద మీటర్ల ఎత్తు వరకు ఎక్కి వాళ్లనూ మింగింది. తర్వాత పక్కకు తిరిగి లోయ వెంట కిలోమీటరు పైగా పోయి ఆగింది. ఈ చివరి ఘట్టం మొత్తం నిమిషంలోపే ముగిసింది. 115 మంది దాకా చనిపోయారు, 80కి పైగా కట్టడాలు పోయాయి. చాలామంది శరీరాలు దొరకనే లేదు.

మొదటి ముక్కకూ చివరిదానికీ మధ్య ఇరవై నిమిషాల పైచిలుకు సమయం ఉంది. ఊరు ఖాళీ చేయడానికి అది చాలు. కానీ పడాల్సింది పడిపోయిందనుకున్నారు. ఎటు పరుగెత్తాలో చెప్పగలిగిన జ్ఞానం ఆనాడు ఎవరి దగ్గరా లేదు. ఆ జ్ఞానం ఎల్మ్ నుంచే మొదలైంది. హైమ్ వెంటనే ఊరికి వచ్చి, బతికినవారి మాటలు, రాళ్లు ఆగిన చోట్లు, నిమిషాల లెక్క నమోదు చేశారు. పెద్ద కొండచరియ బండల్లా దొర్లదు, ప్రవాహంలా సాగుతుంది, పరిమాణం ఎంత పెద్దదైతే అంత దూరం పోతుంది అన్న అవగాహనకు ఆ నమోదులే పునాది.

ఇప్పటికీ ఈ లోయలు నిశ్చింతగా లేవు. 2023 ఆగస్టు 29న అదే గమైండెలోని ష్వాండెన్‌లో కొండవాలు జారి బురద ఇళ్లను ముంచింది. ముందే మనుషుల్ని తరలించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

ప్రశ్న: రాతిని పలకగా మార్చే పని ఎలా చేసేవారు?

జవాబు: ఎంగిలో పలకరాయి తవ్వకం పదహారో శతాబ్దం నుంచే ఉంది, 1961లో ఆగింది. ఆ గనిని ఇప్పుడు సందర్శకులకు చూపిస్తున్నారు. లోపల ఏడాది పొడవునా చల్లగానే ఉంటుంది, వేసవిలో వెళ్లినా ఉన్ని బట్ట వేసుకోండి. ఎల్మ్‌లో పలకల కర్మాగారం 1980ల దాకా నడిచింది, ఇప్పుడు మ్యూజియం.

పని వరస ఇది. గని నుంచి వచ్చిన దిమ్మను ఎండనివ్వకుండా తడిగానే ఉంచాలి. ఎండితే పొరలు సాఫీగా విడిపోవు. వెడల్పాటి ఉలిని పొర అంచున పెట్టి సుత్తితో మెల్లగా తడుతూ దిమ్మను సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి చీలుస్తారు. ఒక పక్క నుంచి పలచని పొర లాగబోతే మధ్యలో విరుగుతుంది, ఎప్పుడూ సగాలుగానే చీల్చాలి. తర్వాత కొలతకు కోసి, ఉక్కు గీకుడుబద్దతో రెండు వైపులా గీకి, నీళ్లు పోసి నున్నగా రుద్దుతారు. రాయడానికి గీతలు గీస్తారు. చివరికి చెక్క చట్రం బిగిస్తారు. రాయిలో గట్టి కణిక ఒక్కటి ఉన్నా పిల్లవాడి బలపం అక్కడ గీరుకుంటుంది, అలాంటి పలకను పక్కన పడేసేవారు. ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకోవడం ఈ పని తెచ్చే పెద్ద జబ్బు.

బడి పలకలే కాదు, బల్లల పైపలకలు, ఇంటి కప్పులు కూడా ఈ రాతితోనే. ఎంగి రాతిలో చేపల శిలాజాలు దొరకడంతో గ్లారుస్ పేరు శాస్త్రవేత్తల సేకరణల్లోకీ చేరింది.

ప్రశ్న: రష్యా సేనాని సువోరోవ్ ఈ చిన్న ఊరికి ఎందుకు వచ్చాడు?

జవాబు: తప్పించుకుపోవడానికి. ఫ్రాన్సుతో యుద్ధం సాగుతుండగా, 1799 సెప్టెంబరులో ఇటలీ నుంచి సుమారు 21,000 మందితో గోటార్డ్ కనుమ దాటి, జ్యూరిక్ దగ్గరున్న మరో రష్యా సైన్యాన్ని కలవాలని బయల్దేరాడు. ఆయన చేరేలోపే ఫ్రెంచి సేనాని మస్సేనా జ్యూరిక్‌లో ఆ సైన్యాన్ని ఓడించాడు. ఉత్తరపు దారి మూసుకుపోయింది. మువోటా లోయ నుంచి ప్రాగెల్ కనుమ మీదుగా గ్లారుస్ చేరి, అక్కడా అడ్డు తగిలితే సెర్న్‌ఫ్ లోయలోకి తిరిగాడు. అక్టోబరు 5 రాత్రి ఎల్మ్‌లో బస. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, సువోరోవ్ ఇల్లు అంటారు.

మర్నాడు 2,407 మీటర్ల పానిక్సర్ కనుమ ఎక్కారు. కొత్త మంచు కురిసి దారి కనబడలేదు. బూట్లు చిరిగిన మనుషులు, తిండి లేని జంతువులు. వందలాది మంది జారిపడో, చలికి కొయ్యబారో పోయారు. ఫిరంగులన్నీ లోయల్లో పారేశారు. బతికినవాళ్లు అవతలి వైపు పానిక్స్ పల్లెకు, ఇలాంట్స్‌కు దిగారు. ఆకలితో వచ్చిన అంత సైన్యం చలికాలం ముందు ఒక చిన్న ఊరి మీద పడితే గడ్డివాములకు, పశువులకు ఏమవుతుందో వేరే చెప్పాలా!

ప్రశ్న: అక్కడి రైతులు పశువుల్ని వేసవిలో కొండెక్కిస్తారు కదా. ఎవరి పశువులు ఎన్ని అన్న లెక్క ఎవరు చూస్తారు? గ్లారుస్ పచ్చ చీజ్ అక్కడిదేనా?

జవాబు: ఎత్తైన వేసవి పచ్చికను ఆల్ప్ అంటారు. గ్లారుస్‌లో ఆల్పులు చాలావరకు ఊరి ఉమ్మడి ఆస్తి. పూర్వం తాగ్వెన్ అనే ఊరి పౌరుల సంఘాల చేతిలో ఉండేవి, ఇప్పుడు గమైండె వాటిని రైతులకు కౌలుకిస్తుంది. ఒక ఆల్ప్ ఎంత మేత ఇవ్వగలదో స్టోస్ అనే కొలతలో చెబుతారు. ఒక పెద్ద ఆవు ఒక వేసవి మేసే పచ్చిక ఒక స్టోస్. నేటి ప్రభుత్వ లెక్కలో వేసవి అంటే 100 రోజులు. 50 స్టోసుల ఆల్ప్‌లో 50 ఆవులు 100 రోజులు మేయవచ్చు. 80 రోజులే ఉంచితే 62 దాకా తోలవచ్చు. దూడలకు, మేకలకు ఆవులో ఎన్నో వంతు అన్న లెక్క ఉంది.

ఆల్ప్‌కు నిర్ణయించిన పరిమాణం కన్నా 10 శాతానికి మించి పశువుల్ని ఎక్కిస్తే సర్కారు సాయంలో కోత పడుతుంది. మరీ తగ్గించి 75 శాతం కన్నా కిందికి పోయినా సాయం తగ్గుతుంది. మొదటిది అందరికీ అర్థమవుతుంది: పచ్చిక తొక్కుడుపడి నేల కోసుకుపోతుంది. రెండోది కూడా అంతే ముఖ్యం. మేసే నోళ్లు తగ్గితే పొదలు, తుప్పలు నాలుగైదేళ్లలో అల్లుకుంటాయి. మేయని పొడవు గడ్డి వాలు మీదికి వంగిపడుతుంది, దాని మీద మంచు సులువుగా జారుతుంది.

పశువులు జూన్‌లో ఎక్కి సెప్టెంబరులో దిగుతాయి. ఒకేసారి పైదాకా తోలరు. ముందు కింది మజిలీ, అక్కడ గడ్డి అయ్యేసరికి మంచు కరిగిన పై మజిలీ, దిగేటప్పుడు మళ్లీ మొలిచిన కింది గడ్డి.

మీరడిగిన చీజ్ పేరు షాబ్‌సీగర్. వెన్న తీసిన పాలను 90 డిగ్రీల దాకా కాచి, పుల్లబెట్టిన తేటతో విరగ్గొడతారు. వచ్చిన ముద్దను బరువు కింద కనీసం నాలుగు వారాలు పులియనిస్తారు. తర్వాత మర పట్టి ఉప్పు, నీలి మెంతి ఎండాకు పొడి కలిపి, తలతెగిన శంకువు ఆకారపు అచ్చుల్లో నొక్కుతారు. నీలి మెంతి మన మెంతికి దగ్గరి చుట్టం, అందుకే ఆ వాసన మనకు కొత్తగా ఉండదు. కొవ్వు 3 శాతం లోపే. గట్టిగా ఉంటుంది కాబట్టి తురిమి వాడాలి, ముక్కలు కోసుకుని తింటే ఘాటు భరించలేం. ఎలా తయారు చేయాలో, ఎవరి సరుకో తెలిసేలా ముద్ర వేయాలని 1463లోనే లాండ్స్‌గమైండె చట్టం చేసింది.

ప్రశ్న: స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదట, నిజమా?

జవాబు: నిజమే. ఉండేది హైమాట్‌ఓర్ట్, అంటే వంశం ఏ గమైండె పౌరులో ఆ ఊరి పేరు. జ్యూరిక్‌లో పుట్టి, బెర్న్‌లో పెరిగి, ఒక్కసారీ ఎల్మ్ చూడనివాళ్ల కాగితాల్లో కూడా తాతముత్తాతల ఊరిగా ఎల్మ్ ఉండేది. విలీనం తర్వాత వాళ్లంతా గ్లారుస్ జ్యూడ్ పౌరులయ్యారు. ఎల్మర్, రీనర్, జెంట్నర్ ఈ ఊరి పాత ఇంటిపేర్లు. పందొమ్మిదో శతాబ్దంలో కరువుకు తాళలేక గ్లారుస్ జనం అమెరికా వెళ్లారు. 1845లో విస్కాన్సిన్‌లో వాళ్లు కట్టుకున్న ఊరు న్యూ గ్లారుస్. అక్కడివాళ్లు పూర్వీకుల్ని వెతకాలంటే గ్లారుస్ కాంటన్ పురాలేఖ భాండారంలోని వంశావళి పుస్తకాలు చూడాలి. గ్లారుస్ జ్యూడ్ అని కాదు, పాత ఊరి పేరుతో వెతకండి. ఒకే తరంలో ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు కనుక తల్లి పుట్టింటి పేరు కలిపి సరిచూసుకోకపోతే వేరే వంశంలోకి వెళ్లిపోతారు.

ప్రశ్న: ఎల్మ్ నుంచి పేరు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు: స్కీ క్రీడాకారిణి వ్రేని ష్నైడర్. 1964లో ఇక్కడే పుట్టారు. 1988 కాల్గరీలో రెండు, 1994 లిల్లెహామర్‌లో ఒకటి, మొత్తం మూడు ఒలింపిక్ స్వర్ణాలు, ప్రపంచ కప్ పోటీల్లో 55 గెలుపులు. ఊరికి కూడా ఒక గౌరవం దక్కింది. పాత దుంగల ఇళ్లను చెడగొట్టకుండా ఊరు పెంచుకున్నందుకు 1981లో వాకర్ బహుమతి వచ్చింది, కొండ కూలిన సరిగ్గా నూరేళ్లకు.

ప్రశ్న: వేసవిలో వెళ్లి రెండు రోజులు నడవాలని ఉంది. దారి, జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: జ్యూరిక్ నుంచి లింతాల్ వెళ్లే రైల్లో ష్వాండెన్‌లో దిగండి. అక్కడి నుంచి బస్సు అరగంటలో ఎల్మ్ చేరుస్తుంది. 1905 నుంచి 1969 దాకా ఈ దారిలో సన్నగేజీ కరెంటు రైలు నడిచేది, ఇప్పుడు లేదు. పాత గైడు పుస్తకం నమ్ముకోవద్దు.

పెద్ద నడకలకు కనుమలు నాలుగు. తూర్పున ఫూ కనుమ 2,223 మీటర్లు, వైస్‌టానెన్ వైపు. పడమట రిఖెట్లి 2,261, లింతాల్ వైపు. ఈ రెండూ ఆల్ప్స్‌ను అడ్డంగా దాటే వియా ఆల్పినా దారిలో భాగం, ఒక్కొక్కటి పూర్తి రోజు నడక. దక్షిణాన పానిక్సర్, ఆగ్నేయంగా 2,627 మీటర్ల సెగ్నాస్. సెగ్నాస్ ఎక్కితే గీతా, కన్నమూ దగ్గరగా కనిపిస్తాయి. కానీ పైభాగం నిటారు, రాళ్లు జారుతాయి. కొండనడక అలవాటు లేనివారు మొదటి రోజే దాన్ని పెట్టుకోకూడదు. ముందు ఫూ ఎక్కి చూడండి.

జూలై మధ్య దాకా ఉత్తరపు వాలుల్లో పాత మంచు మిగిలి ఉంటుంది. దాని కింద ఏరు పారుతూ డొల్ల చేసి ఉంటుంది కాబట్టి మధ్యలో అడుగేయకండి. దారి గుర్తుల రంగు చూడండి: పసుపు మామూలు బాట, తెలుపు–ఎరుపు–తెలుపు కొండ బాట, తెలుపు–నీలం–తెలుపు అయితే తాడు, పట్టు తెలిసినవారికే. దక్షిణపు వేడిగాలి ఫ్యోన్ వీస్తే ఆకాశం అద్దంలా తేటపడుతుంది, అది మంచి రోజని మోసపోకండి. గట్ల మీద మనిషిని తోసేసేంత విసురు ఉంటుంది. అది ఆగిన వెంటనే వాన, పైన మంచు పడవచ్చు. అడవి ఎండిపోయి ఉంటుంది కాబట్టి నిప్పు ముట్టించడం నిషేధం. 1861 మేలో గ్లారుస్ పట్టణం ఇలాంటి గాలికే ఒక్క రాత్రిలో దాదాపు 600 కట్టడాలు పోగొట్టుకుంది.

పానిక్సర్ వెళ్లేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఎల్మ్ పైన విఖ్లెన్‌లో సైన్యం కాల్పుల సాధన చేసే మైదానం ఉంది. కాల్పుల రోజుల్లో ఆ పక్క దారులు మూస్తారు. రోజులు, గంటలు ముందుగా ప్రకటిస్తారు, ఊళ్లోనూ కాగితం అంటిస్తారు. బయల్దేరే ముందు రోజు సాయంత్రమే చూసుకోండి. పొద్దున్నే అక్కడిదాకా పోయి ఆగాల్సి వస్తే, మధ్యాహ్నపు ఉరుముల లోపు కనుమ దాటే సమయం మిగలదు.